మిగతా కథ చదివే బంగళా

పోర్టు బ్లెయిర్లో, హాడో జెట్టీలో లాంచి దిగి గవర్నమెంటు క్వార్టర్లకి చేరడానికి రెండు దారులుండేవి. కిందిదారి తారు రోడ్డు. బస్సులు తిరిగేవి, టీకొట్లుండేవి, చుట్టు తిరిగినా మనుషుల మధ్యలో నడిచినట్టుండేది. పైదారి గుట్ట మీదుగా అడ్డంగా పోయేది, సగం సేపట్లో ఇంటి ముందు దింపేది. అయినా చీకటి పడ్డాక ఆ దారిన పోయే ధైర్యం ఎవరికీ లేదు. ఎందుకంటే గుట్ట మీద కొయ్య బంగళా ఉంది.

తెల్లదొరల కాలంలో కట్టిన బంగళా అది. నేలకి ఎత్తుగా దుంగల మీద నిలబెట్టారు, పైనంతా రేకు. జపాను వాళ్ళున్న రోజుల్లో అందులోకి ఎవర్నో తీసుకెళ్ళారని, వాళ్ళు మళ్ళీ బయటికి రాలేదని పాతవాళ్ళు అనేవారు. అంతకన్నా వివరం అడిగితే మాట మార్చేసేవారు.

ఆ చెడ్డపేరు చాలదన్నట్టు, అరవైల చివర్లో కొత్తది ఇంకోటి వచ్చి చేరింది — బంగళాలో దెయ్యం పాఠం చెబుతోందని.

మామూలు దెయ్యాలు నవ్వుతాయి, ఏడుస్తాయి, కాళ్ళు వెనక్కుంటాయి. ఇది అలాంటిది కాదు. ముందు ఆడగొంతు ఏదో చదువుతుందట… నెమ్మదిగా, తెలుగులో. వెనకే పిల్లల గొంతులు అదే మాట అప్పజెబుతాయట. కాసేపు నిశ్శబ్దం… అప్పుడు ‘టక్’మని కొయ్య మీద చప్పుడు. మళ్ళీ చదువు.

మొదటి షిప్పుల్లో వచ్చిన టీచరమ్మ జ్వరంతో పోయిందని, ఆమె దగ్గర చదివే పిల్లలూ అదే జ్వరంతో పోయారని, ఇప్పటికీ బడి వదలడం లేదని చెప్పుకునేవారు. అలాంటి టీచరెవరూ ఈ దీవులకి రాలేదే అని ఎవరైనా అంటే, దెయ్యానికి హాజరుపట్టీలో పేరుండాలా అని నోరు మూయించేవారు.

నేను పుట్టి పెరిగేసరికి ఆ బంగళా లేదు, కొట్టేసి ఏదో ఆఫీసు కట్టారు. కానీ కథ మాత్రం అన్నంతో పాటు తిని పెరిగాను. అసలు సంగతి మాత్రం దయావతి గారి నోట విన్నాను — వైజాగు వెళ్ళే షిప్పులో, బంకు క్లాసులో. ఆమె కింది బంకు, నాది ఎదురు బంకు. మూడోరోజు రాత్రి, వాంతులన్నీ అయిపోయాక, భయపెట్టే కథేదైనా చెప్పండని నేనే అడిగాను. బంగళా కథ కావాలా అన్నారు. అది నాకు తెలుసన్నాను.

“నీకు తెలిసింది ఊరు చెప్పుకునేది. నేను చెప్పేది విను,” అన్నారు.

అప్పట్లో దయావతి గారు పోర్టు బ్లెయిర్లో ఏదో ఆఫీసులో గుమాస్తా. భర్త యేసురాజు హార్బరులో లాంచి నడిపే సెరంగు. ఒక్కతే కూతురు సంతోషకుమారి, అందరికీ సంతూ. క్వార్టర్లలో వాళ్ళకీ పక్కింటి ప్రేమావతికీ మధ్య చెక్కగోడే. ఇటు తుమ్మితే అటు నుంచి చిరంజీవ అనేవారు. ఇద్దరూ ఒకే షిప్పులో వచ్చినవాళ్ళు, ఒకే చర్చి సంఘంలో పాటలు పాడేవాళ్ళు. చింతపండు నుంచి కన్నీళ్ళ దాకా అన్నీ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు.

దయావతి గారికి ఒక్కటే దిగులు. ఇక్కడి పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవరు. బడిలో హిందీ. వీధిలో హిందీ. ఇంట్లో తెలుగు నోటి వరకే. భీమిలిలో వాళ్ళ నాన్న ఊరందరి ఉత్తరాలూ చదివిపెట్టే మనిషి. ఆయన మనవరాలికి ఆయన భాషలో అక్షరమ్ముక్క రాదంటే ఆమె తట్టుకోలేకపోయింది. ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, పట్టుకోని కాళ్ళు లేవు. చివరికి గవర్నమెంటు గ్రంథాలయంలో పిల్లల కోసం తెలుగు బీరువా తెప్పించింది.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ బీరువా ముందు చాప వేసి కూచునేది. షిప్పులో కొత్త పుస్తకం ఏదొచ్చినా పిల్లలకి చూపించి, ఇది ఎందుకు చదవాలో చెప్పేది. చెప్పడమంటే ఉపన్యాసం కాదు. కథ మొదలుపెట్టేది. గొంతులు మార్చి, చేతులు తిప్పి, పిల్లలు నోళ్ళు తెరిచి వింటూ ఉండగా, సరిగ్గా గుండె ఆగే చోట పుస్తకం టప్పున మూసేసేది.

“మిగతాది పుస్తకంలో ఉంది.”

పిల్లలు పుస్తకం కోసం కొట్టుకునేవారు. తీసుకెళ్ళడానికి ఒక్కటే షరతు — వచ్చే శనివారం వచ్చి మిగతా కథ చెప్పాలి, అప్పుడే ఇంకో పుస్తకం. పిల్లలు వచ్చేవారు, చెప్పేవారు. పొల్లు పోకుండా, అచ్చు పుస్తకంలో ఉన్నట్టే చెప్పేవారు.

అందరికన్నా బాగా చెప్పేది సంతూ. ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనలో కూడా బైబిలు వాక్యం తనే చదివేది. ఏ రోజు ఏ భాగం చదవాలో సంఘం వాళ్ళు ముందే క్యాలెండరులో అచ్చువేసి ఇచ్చేవారు. పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వేలితో గీత వెంట నడుస్తూ, ఎక్కడా తడబడకుండా చదివేది. ఒక్కోసారి ఆ వేలు మాటకంటే ముందే గీత చివరికి వెళ్ళిపోయి, అక్కడ ఆగి ఎదురుచూసేది. వేగంగా చదివే పిల్ల కదా అనుకుని తల్లి మురిసిపోయేది.

ఇక్కడ నేను ఆగమన్నాను. మా సంఘాల సంగతి నాకు తెలియనిదా. ఆదివారం ఆరాధనలో పిల్లలు ముందుకొచ్చి పుస్తకం తెరిచి వాక్యం “చదువుతారు”. వారమంతా తల్లులు పొయ్యి దగ్గర కూచోబెట్టి బట్టీ పట్టించిందే అది. పుస్తకం తలకిందులుగా పట్టుకుని గడగడా చదివి చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళని నేను చూశాను. అది అందరికీ తెలుసు, అందరూ ఆమేన్ అంటారు. మరి దయావతి గారికి తెలీదా?

“తెలుసు. నా పిల్ల అలాంటిది కాదనుకున్నాను,” అన్నారు ఆమె.

సరే. ఆ ఏడాది వానలు తగ్గే వేళకి మెయిన్‌ల్యాండు నుంచి సాంబశివరావు గారనే ఆఫీసరు వస్తున్నారని తెలిసింది. ఆయన మనవాడే, తెలుగాయన. పిల్లలు నిజంగా చదువుతున్నారా లేదా స్వయంగా చూస్తారు. చదువుతుంటే ప్రతి షిప్పుకీ కొత్త పుస్తకాలు. లేదంటే బీరువా ఖాళీ చేసి, పుస్తకాలు కట్టగట్టి వచ్చిన దారినే పంపించేస్తారు. ఆయన వచ్చేది శనివారం.

ముందురోజు శుక్రవారం. అవతలి ఒడ్డున హోప్ టౌన్లో ఎవరింట్లోనో రెండు పుస్తకాలుండిపోయాయి. రేపు బీరువాలో వెలితి కనపడకూడదని, ఆఫీసు అవగానే దయావతి గారు లాంచి ఎక్కి వెళ్ళారు. మామూలుగా అయితే యేసురాజు వెంట వచ్చేవాడు. చీకటి పడితే పెళ్ళాన్ని ఒంటరిగా వదిలేవాడు కాదు, పైదారి మాటెత్తితే ఒప్పుకునేవాడే కాదు. ఆ దెయ్యాన్ని కళ్ళారా చూసిన ఒకే ఒక్క మనిషి అతనని పేరు. తెల్లచీర, ఒళ్ళో పుస్తకం… అని అతను చెబుతుంటే వినేవాళ్ళ ఒంటిమీద రోమాలు లేచేవి. ఆ రోజు మాత్రం హార్బరులో డ్యూటీ పడిందని ముందే చెప్పాడు.

తిరిగొచ్చేసరికి చీకటి. మా దీవుల్లో సాయంత్రం ఐదు దాటిందంటే రాత్రే, గడియారం ఢిల్లీది, సూర్యుడు మాది. పైగా కరెంటు లేదు, చినుకులు. కిందిదారిలో చెట్టు పడి బస్సు ఆగిపోయింది. లాంచి టికెట్లు చింపే ముసలాయన, పైదారి వద్దని గొడుగు కింద నుంచి హెచ్చరించాడు.

“దీదీ, ఊపర్ వాలా రాస్తా మత్ లేనా. దెయ్యం టైము ఇది.”

దయావతి గారికి భయం లేకపోలేదు. కానీ రేపటి పని తలలో తిరుగుతోంది. పిల్ల ఒక్కతే ఇంట్లో ఉంటుంది, ప్రేమావతి చూసుకుంటుంది సరే, చాపలు దులపాలి, బీరువా తుడవాలి. ప్రభువా తోడుండు అనుకుంటూ పైదారి పట్టింది.

టార్చిలో బ్యాటరీ చచ్చిపోతోంది. వెలుతురు కాలి వేళ్ళ దాకా వచ్చి ఆగిపోతోంది. జెర్రి మీద కాలేస్తానేమోనని ఒక భయం, తల ఎత్తితే బంగళా కనపడుతుందని ఒక భయం. పడౌక్ చెట్ల నుంచి నీళ్ళు టపటపా రాలుతున్నాయి. పెదాల మీద కీర్తన ఆడుతోంది.

మలుపు తిరిగింది.

బంగళా నల్లగా నిలబడి ఉంది. తలుపులు మూసి ఉన్నాయి. ఎక్కడా వెలుతురు లేదు. చూడకుండా పోదామని నాలుగడుగులు వేసింది…

వినపడింది.

ఆడగొంతు. చాలా మెల్లగా, నిద్రపోయే బిడ్డకి చెప్పినట్టు. మాటలు తెలియడం లేదు… వెనకే చిన్న గొంతులు గుంపుగా అందుకున్నాయి. ఆగిపోయాయి.

టక్.

దయావతి గారు అక్కడే నిలబడిపోయింది. అంతలో గాలి ఇటు మళ్ళింది, మాటలు స్పష్టంగా చెవిన పడ్డాయి.

“మేకపిల్ల మొదటి మెట్టు ఎక్కింది…”

“మేకపిల్ల మొదటి మెట్టు ఎక్కింది…”

ఆ కథ ఆమెకి తెలుసు. లైటుహౌసు మేకపిల్ల కథ. పోయిన షిప్పులో వచ్చిన కొత్త పుస్తకం, ఒకటే కాపీ. పార్సిలు విప్పింది ఆమే, ముందుగా చదివింది ఆమే. పోయిన శనివారం పిల్లలకి చెబుతూ, లైటుహౌసులో దీపం ఆరిపోయింది, కాపలా తాతకి జ్వరం, చీకట్లో షిప్పు కూత దగ్గరవుతోంది, మెట్ల కింద మేకపిల్ల తలెత్తి చూస్తోంది… అని చెప్పి పుస్తకం మూసేసింది.

దెయ్యం సరిగ్గా ఆమె ఆపిన చోటు నుంచి చదువుతోంది.

టక్.

మళ్ళీ చదువు, మళ్ళీ గుంపు గొంతులు. దయావతి గారు ఒక్కో అడుగే వెనక్కి వేసింది. కిందికి పరిగెత్తిపోదాం, జెట్టీలో తెల్లారేదాకా కూచుందాం… అనుకుంటుండగా గుంపు ఆగిపోయింది. ఒక్క గొంతు మాత్రం విడిగా అప్పజెప్పడం మొదలుపెట్టింది. సన్నగా, గడగడా, ఎక్కడా తడబడకుండా.

ఆ గొంతు సంతూది.

ఇంట్లో ఉండాల్సిన పిల్ల. తన పిల్ల. చచ్చిపోయిన పిల్లల మధ్య కూచుని దెయ్యానికి పాఠం అప్పజెబుతోంది… ఆ పుస్తకం ఇంటికి తెచ్చింది సంతూయే కదా, దాని వెంటే వచ్చిందా ఇది, పుస్తకం పట్టుకుని బిడ్డ దాకా వచ్చిందా? భయం ఎటుపోయిందో పోయింది. చేతిసంచీ విసిరేసి, బురదలో పడుతూ లేస్తూ ఆమె మెట్లెక్కింది. తలుపుకి చెక్కల మధ్య సందు. కన్ను ఆనించింది.

లోపల గుడ్డ కప్పిన లాంతరు.

చుట్టూ పిల్లలు. బతికున్న పిల్లలే. ప్రతి శనివారం తన చాప మీద కూచునే పిల్లలే, ఒక్కడు తప్పకుండా అందరూ. ఒక్కొక్కరి ఒళ్ళో ఏదో ఒక పాత పుస్తకం, పాటల పుస్తకమో పంచాంగమో. మధ్యలో సంతూ, లైటుహౌసు పుస్తకం తెరిచి, వేలు గీత మీద పెట్టుకుని. ఎదురుగా, వీపు ఇటు పెట్టి కూచున్న ఆడమనిషి చేతిలో కొయ్య గరిటె.

“టక్ అన్నాకే తిప్పాలి సంతూ. ముందే తిప్పేస్తే ఆఫీసరుకి తెలిసిపోద్ది. మళ్ళీ.”

ప్రేమావతి గొంతు.

దయావతి గారు అరవలేదు. తలుపు తోయలేదు. అలాగే ఉండిపోయింది. దెయ్యమై ఉంటే బాగుండునని అప్పుడనిపించిందట. దెయ్యమైతే ప్రార్థన చేసి పంపించొచ్చు.

వెనక టార్చి వెలిగింది.

“దయా…” హార్బరులో డ్యూటీలో ఉండాల్సిన యేసురాజు, గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాపలా.

చెట్టు మీద నుంచి నీళ్ళు పడుతున్నాయి.

“తెల్లచీర,” అంది ఆమె. “ఒళ్ళో పుస్తకం.”

అతను తలదించుకున్నాడు. ఇంటికెల్దాం, ఇంటికెల్లి తిట్టు, పిల్లలు భయపడతారు అన్నాడు. ఆమె కదల్లేదు.

“నా కోసమేనా? ఊరందరినీ ఇన్నాళ్ళు భయపెట్టింది నేనొక్కదాన్ని ఇటు రాకుండానా?”

“నువ్వొక్కదానివే దయా. మిగతా అందరికీ తెలుసు.”

క్వార్టర్లలో ప్రతి ఇంటికీ తెలుసు. టీకొట్టు వాడికి తెలుసు. పాస్టరుగారికి కూడా తెలుసు. లాంచి టికెట్ల ముసలాయన గొడుగు కింద నుంచి ఇచ్చిన హెచ్చరిక కూడా అందులో భాగమే. చింతపండు అడగడానికొచ్చే ప్రతి ఆడమనిషీ ఆమె ముందు దెయ్యానికి భయపడినట్టు నటించి, గుమ్మం దాటాక మామూలుగా నడిచింది. ఒక్క మనిషి కోసం ఊరంతా కలిసి దెయ్యాన్ని పెంచింది.

మాటలు విని ప్రేమావతి తలుపు తీసింది. చేతిలో గరిటె అలాగే ఉంది. ఏడుస్తుందేమో, కాళ్ళు పట్టుకుంటుందేమో అనుకుంది దయావతి. ఆమె అలాంటిదేమీ చెయ్యలేదు.

“ఇంట్లో చదివితే గోడకవతల నీకు వినిపిస్తాది. అందుకే ఇక్కడ,” అంది.

నాకెందుకు చెప్పలేదని అడిగింది దయావతి.

“మన క్వార్టర్ల రమణయ్య మనవడు చెప్పాడు కదా. చదవడం రాదని. నువ్వేం చేశావు? ఆడి చేతిలో పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టేశావు. అక్షరాలు వచ్చాక రమ్మన్నావు. నెల్లాళ్ళు ఆడు కిటికీ పట్టుకుని నిలబడ్డాడు దయా. సగం కథ చెప్పి ఆశపెడతావు, మిగతాది పుస్తకంలో ఉందంటావు. ఆ పుస్తకంలోకి ఎలా ఎల్లాలో ఈళ్ళకి ఎవరు చెప్పారు? మిగతా కథ కోసం నా దగ్గరికొచ్చారు. చదివాను. చదివానని నీకు చెబితే పుస్తకాలు ఆగిపోతాయన్నారు. మానేశాను… చెప్పడం.”

“నా పిల్లకి? నా పిల్లకి అక్షరాలు నేనే నేర్పాను.”

లోపల సంతూ పుస్తకం మూసి గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుంది. అమ్మ మొహం చూడలేదు.

అప్పుడు తెలిసింది ఆమెకి, గీత చివర ఆగి ఎదురుచూసే వేలు దేనికి ఎదురుచూసేదో. క్యాలెండరులోని భాగం ప్రేమావతి దగ్గర ముందే బట్టీ పట్టి, పిల్ల మూడేళ్ళుగా రోజూ రాత్రి ప్రభువు ముందర, తల్లి ముందర చదివినట్టు నటించింది. పక్కన కూచుని భర్త ఆమేన్ అన్నాడు. నాన్నకి రాసిన ప్రతి ఉత్తరంలో మనవరాలు చదువుతోందని ఆమె రాసింది. భీమిలిలో ఆ ముసలాయన వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

ఆ రాత్రి ఇంట్లో ప్రార్థన జరగలేదు. దయావతి గారు పడుకోలేదు, ఏడవలేదు. చెక్కగోడ అవతల ప్రేమావతి కూడా పడుకోలేదని చప్పుళ్ళ బట్టి తెలుస్తూనే ఉంది. ఇటు దగ్గినా అటు నుంచి పలకరింపు లేదు.

ఆమె ముందు ఇప్పుడు ఒకటే ప్రశ్న. రేపు ఆఫీసరుకి నిజం చెప్పాలా? చెబితే బీరువా పోతుంది. అయినా పోనీ, అనుకుంది. చదవని పిల్లలకి పుస్తకాలెందుకు, మోసం చేసినవాళ్ళకి నా శనివారాలెందుకు. చెప్పేద్దామనే నిర్ణయించుకుంది. తెల్లవారి ఉతికిన చీర కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గ్రంథాలయానికి నడిచింది.

సాంబశివరావు గారు మంచివాడు. కుర్చీ వద్దని చాప మీదే కూచున్నాడు. గోడ పొడవునా తల్లులు, చివర యేసురాజు, పక్కన ప్రేమావతి. దయావతి గారు బీరువాకి ఆనుకుని నిలబడింది. నోరు తెరవబోతే ఆయన ముందు పిల్లలన్నాడు.

సంతూ లేచి లైటుహౌసు పుస్తకం తెరిచింది. వేలు గీత మీద. దీపం ఆరింది, షిప్పు కూసింది, మేకపిల్ల మెట్లెక్కింది. సరిగ్గా తిప్పాల్సిన చోట పేజీ తిప్పింది, ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకుంది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక శభాష్ అని, తన సంచీలోంచి ఇంకో పుస్తకం తీశాడు. కొత్తది. రంగు అట్ట, ఇంకా జిగురు వాసన.

“ఇది నిన్ననే నాతో పాటు షిప్పు దిగిందమ్మా. ఎవరూ చూళ్ళేదు. నువ్వు చదివి, మీ అమ్మగారిలాగా ఈ పిల్లలందరికీ దీని గురించి చెప్పు. చదవొచ్చో లేదో నీ మాట మీద తేలుస్తాం.”

సంతూ పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో బొమ్మ లేదు, అన్నీ అక్షరాలే. వేలు మొదటి గీత మీద పెట్టింది. పెదవులు కదిలాయి… మాట రాలేదు. తల్లులు చీరకొంగులు నోట్లో పెట్టుకున్నారు. ప్రేమావతి రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుంది. పిల్ల తలెత్తి అమ్మ వైపు చూసింది.

అన్నీ చెప్పేద్దామని వచ్చిన తల్లి పిల్ల కళ్ళలోకి చూసింది.

ఆఫీసరు మెత్తగా, ఏమ్మా అన్నాడు.

టక్.

అందరికీ వినపడింది. కొయ్య మీద చప్పుడు, ఒక్కసారే. పిల్లలు ఉలిక్కిపడి ప్రేమావతి వైపు తిరిగారు. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, గరిటె ఇంట్లో ఉంది. ఆమె మొహం కూడా పాలిపోయింది.

సంతూ మాత్రం పేజీ తిప్పింది. రెండో పేజీలో బొమ్మ ఉంది. ఏనుగు, కలప మోసే పడవ, తడిసిన గొడుగు. వేలు గీత మీదికి తెచ్చి, పిల్ల మొదలుపెట్టింది. అనగనగా ఫెరార్‌గంజ్ దగ్గర కలప లాగే ఏనుగు ఉండేదని, దానికి వానంటే భయమని… ఎక్కడా తడబడకుండా, గొంతులు మార్చి, చేతులు తిప్పి, ఏనుగు పడవెక్కి మధ్యలో పడవ ఊగిపోయే దాకా చెప్పుకొచ్చింది. అక్కడ టప్పున పుస్తకం మూసేసింది.

“మిగతాది పుస్తకంలో ఉంది,” అంది.

పిల్లలు ఆ పుస్తకం కోసం మీద పడిపోయారు. సాంబశివరావు గారు పడీ పడీ నవ్వి, నవ్వుతూనే కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ పుస్తకంలో ఫెరార్‌గంజ్ ఉందో వానంటే భయపడే ఏనుగుందో ఆయన చూశాడో లేదో, చూసి ఊరుకున్నాడో ఎవరికీ తెలియదు.

అప్పట్నుంచి ప్రతి షిప్పుకీ తెలుగు పుస్తకాలొచ్చాయి. ఆ పెట్టె విప్పిన ప్రతిసారీ ఎవరో చెంప మీద కొట్టినట్టుండేదట దయావతి గారికి. ప్రేమావతితో పదకొండేళ్ళు మాట్లాడలేదు. ప్రేమావతి బదిలీ అయి వెళ్ళిపోయే రోజున జెట్టీ దాకా వెళ్ళి, షిప్పు కదిలాక చెయ్యి ఊపింది. యేసురాజుతో మాట్లాడింది, కాపురం కదా. కానీ అతను ఏ కథ చెప్పినా మధ్యలో లేచి వెళ్ళిపోయేది.

సంతూ ఆ శనివారం రాత్రే, అమ్మ అడక్కముందే, వాక్యం పుస్తకం మూసి చాప మీద పెట్టేసింది. నాకు చదవడం రాదమ్మా, అంది. వచ్చే వారం నుంచి శనివారాలు కథతో కాదు, అ ఆలతో మొదలయ్యాయి. సగం మంది పిల్లలు రావడం మానేశారు. సంతూ నేర్చుకుంది గానీ, ఆ తరువాత ఎన్నడూ గొంతు పైకెత్తి చదవలేదు. దయావతి గారు బాధపడి చెప్పింది ఈ ఒక్క ముక్కే.

కథ అయిపోయింది. ఇంజను చప్పుడు తప్ప షిప్పులో ఇంకేమీ వినపడడం లేదు. మా పక్క బంకుల్లో అందరూ నిద్రపోతున్నారు.

కానీ నాకు ఒక ముల్లు మిగిలిపోయింది. తరవాత హాడోలో కదిపితే ముసలమ్మలు అడిగిందీ అదే — బంగళాలోది నాటకమే, ఒప్పుకుంటాం, కానీ గ్రంథాలయంలో ‘టక్’మన్నది ఎవరు? అబద్ధపు దెయ్యాన్ని అంతకాలం పిలిస్తే నిజమైనది వచ్చిందని, పిల్లల వెంట అక్కడిదాకా నడిచిందని ఒట్టేసి చెబుతారు. ప్రేమావతి చచ్చేదాకా అదే నమ్మిందట.

ఆ రాత్రి బంకులోనే అడిగాను. గొంతు తగ్గించి అడిగాను, ఎందుకో పైకి అడగబుద్ధి కాలేదు.

దయావతి గారు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నారు. కళ్ళు మూసుకున్నారు, ఇక చెప్పరనుకున్నాను.

“ఊరంతా కలిసి నన్ను మోసం చేసిందని ఇన్నేళ్ళు చెప్పుకున్నానమ్మా. అందరినీ తిట్టాను. ఆ రోజు నా బీరువా, నా వీపు వెనకే ఉంది. టేకు చెక్క…” అన్నారు.

దుప్పటి కింద నుంచి ముడతలు పడ్డ చెయ్యి బయటికొచ్చింది. బంకు చెక్క అంచు మీద వేలి కణుపు ఆనింది.

టక్.

“పడుకో. పొద్దున్నకి వైజాగు,” అని అటు తిరిగి పడుకున్నారు.